యూరియాలోని నత్రజని: పైరుకు ఎంత? గాలికి, నీటికి ఎంత?

వరి, మొక్కజొన్న, పత్తి, మిరప... ఏ పైరు వేసినా మన రైతులు తప్పనిసరిగా వాడే ఎరువు యూరియా. చల్లిన కొద్ది రోజులకే పైరు పచ్చబడుతుంది కాబట్టి దానిపై నమ్మకం ఎక్కువ. అయితే వరికి వేసిన నత్రజనిలో ఆ పైరు తీసుకునేది సాధారణంగా 30 నుంచి 40 శాతమే. మిగిలిన దానిలో కొంత నేలలోని సేంద్రియ పదార్థంలో కలిసి నిల్వ ఉంటుంది. మిగతాది గాలిలోకి, భూగర్భ జలంలోకి, మురుగు కాల్వల ద్వారా చెరువుల్లోకి పోతుంది.

అలా పోయిన నత్రజని ఊరికే ఉండదు. గాలిలో సన్నని ధూళిగా, తాగునీటిలో నైట్రేట్‌గా, భూమిని వేడెక్కించే నైట్రస్ ఆక్సైడ్‌గా మారుతుంది. రైతు కొని నష్టపోయిన నత్రజని, పర్యావరణంలో కాలుష్యంగా మారిన నత్రజని ఒకటే. ఒకదాన్ని ఆపితే రెండోది కూడా ఆగుతుంది. నేలలో యూరియా ఎలా మారుతుందో, ఏ దశలో చేజారుతుందో తెలిస్తే ఎప్పుడు, ఎలా వేయాలో స్పష్టమవుతుంది.

బస్తాలో ఎంత నత్రజని ఉంది?

యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. ఇప్పుడు దొరికే 45 కిలోల బస్తాలో 20.7 కిలోల నత్రజని ఉన్నట్లు లెక్క. పైరు ఇందులో 40 శాతం తీసుకుందనుకున్నా అది 8 కిలోలకు కాస్త ఎక్కువ. మిగిలిన 12 కిలోలకు పైగా నత్రజని ఆ పంటకు అందలేదన్న మాట.

సబ్సిడీ వల్ల బస్తా ధర సుమారు రూ.266 మాత్రమే కాబట్టి ఈ నష్టం చిన్నదిగా కనిపిస్తుంది. కానీ పైరుకు అందడం లేదని మరో బస్తా వేసినప్పుడు అసలు ఖర్చు మొదలవుతుంది. నత్రజని ఎక్కువైన వరిలో ఆకులు మెత్తబడి, దుబ్బులు గుబురై సుడిదోమ, అగ్గితెగులు, పొడ తెగులు, ఎండాకు తెగులు ఉధృతమవుతాయి. పైరు పడిపోతుంది. యూరియాపై పెట్టిన వందల రూపాయలు పురుగు మందులపై వేల రూపాయలను ఖర్చు చేయిస్తాయి.

నేలలో యూరియా ఎలా మారుతుంది?

పైరు యూరియాను ఉన్నది ఉన్నట్లుగా వేర్ల ద్వారా పెద్దగా తీసుకోదు. అది నేలలో మూడు దశల్లో మారుతుంది.

1. యూరియా నుంచి అమ్మోనియం: నేలలోని సూక్ష్మజీవులు తయారు చేసే యూరియేజ్ అనే ఎంజైమ్, నీటి సాయంతో యూరియాను అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్‌గా విడగొడుతుంది. వేడిగా ఉండే మన నేలల్లో ఇది కొద్ది రోజుల్లోనే పూర్తవుతుంది. తడి నేలలో అమ్మోనియా ఎక్కువ భాగం అమ్మోనియంగా మారుతుంది. అమ్మోనియానికి ధన విద్యుదావేశం, బంకమట్టి రేణువులకు రుణ విద్యుదావేశం ఉంటాయి కాబట్టి మట్టి దాన్ని పట్టి ఉంచుకుంటుంది. వరి దీన్ని నేరుగా తీసుకోగలదు. నత్రజనికి ఇది సురక్షితమైన రూపం.

2. అమ్మోనియం నుంచి నైట్రేట్: గాలి ఆడే నేలలో నైట్రోసోమోనాస్ వంటి సూక్ష్మజీవులు అమ్మోనియాన్ని నైట్రైట్‌గా, నైట్రోబాక్టర్ వంటివి దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. మెట్ట పైర్లు ఎక్కువగా నైట్రేట్ రూపంలోనే నత్రజనిని తీసుకుంటాయి. కానీ నైట్రేట్‌ది రుణ విద్యుదావేశం. మట్టి దాన్ని పట్టుకోలేదు. నీరు ఎటు పోతే నైట్రేట్ కూడా అటే పోతుంది.

3. నైట్రేట్ నుంచి వాయువులు: నైట్రేట్ ఉన్న నేలలో నీరు నిలిచి ఆక్సిజన్ అందకపోతే, మరికొన్ని సూక్ష్మజీవులు నైట్రేట్‌లోని ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. అప్పుడు నైట్రేట్ క్రమంగా నైట్రస్ ఆక్సైడ్‌గా, చివరకు నత్రజని వాయువుగా మారి గాలిలో కలుస్తుంది. నత్రజని వాయువు హాని చేయదు, ఎందుకంటే గాలిలో 78 శాతం అదే. మధ్యలో తప్పించుకుపోయే నైట్రస్ ఆక్సైడ్‌తోనే ప్రమాదం.

గాలిలోకి పోయే అమ్మోనియా

నిలువ నీటిలో యూరియా చల్లడం మన దగ్గర మామూలుగా కనిపించే పద్ధతి. అత్యధిక నష్టం ఇక్కడే జరుగుతుంది. చల్లిన యూరియా నీటిలో కరిగి అక్కడే అమ్మోనియంగా మారుతుంది. మడి నీటిలో ఉండే పాచి పగటి పూట ఎండలో కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది. దాంతో నీటి ఉదజని సూచిక (పి.హెచ్.) పెరుగుతుంది. ఉదయం 7 - 8 మధ్య ఉన్న నీరు మధ్యాహ్నానికి 9 దాటవచ్చు.

ఈ తేడా చాలా పెద్దది. ఉదజని సూచిక 7 ఉన్న నీటిలో అమ్మోనియా వాయు రూపం సుమారు 1 శాతం లోపే. 8 ఉంటే 5 నుంచి 8 శాతం. 9కి చేరితే దాదాపు 40 శాతం. 10 అయితే 85 శాతానికి పైగా ఉంటుంది. పైన ఎండ, గాలి ఉంటే అదంతా ఆవిరై పోతుంది. చౌడు నేలల్లో, సున్నం పాలు ఎక్కువగా ఉన్న నల్లరేగడి నేలల్లో పైపైన చల్లి వదిలేసిన యూరియాకూ ఇదే గతి.

గాలిలో కలిసిన అమ్మోనియా వాహనాలు, బొగ్గు విద్యుత్ కేంద్రాలు, పరిశ్రమల పొగ నుంచి ఏర్పడిన సల్ఫ్యూరిక్, నైట్రిక్ ఆమ్లాలతో కలిసి అమ్మోనియం సల్ఫేట్, అమ్మోనియం నైట్రేట్ రేణువులవుతుంది. ఇవి 2.5 మైక్రాన్ల కంటే సన్నగా ఉండి ఊపిరితిత్తుల లోతుకు చేరతాయి. వాన పడినప్పుడు కిందికి దిగి, నేలలో నైట్రేట్‌గా మారుతూ నేల ఆమ్లత్వాన్ని పెంచుతాయి.

నీటిలోకి పోయే నైట్రేట్

ఎర్ర చెల్క నేలలు, ఇసుక నేలల్లో నీరు త్వరగా కిందికి ఇంకుతుంది. ఒకేసారి ఎక్కువ యూరియా వేసి పెద్ద తడి ఇస్తే నైట్రేట్ వేరు మండలాన్ని దాటి భూగర్భ జలంలో కలుస్తుంది. దానికి రంగు, రుచి, వాసన ఏవీ ఉండవు. పరీక్ష చేయిస్తే తప్ప తెలియదు.

భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించి నైట్రేట్ ఉండకూడదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పలు ప్రాంతాల బావులు, బోర్లలో ఈ పరిమితి దాటినట్లు కేంద్ర భూగర్భ జల మండలి పరీక్షల్లో నమోదైంది. దీనికి ఎరువు ఒక్కటే కారణం కాదు. మరుగుదొడ్ల గుంతలు, ఇళ్ల మురుగు, బావి పక్కనే పోసే పెంటకుప్పలు కూడా కారణమే.

ఆరు నెలల లోపు శిశువులకు ఈ నీరు చాలా ప్రమాదకరం. వారి కడుపులో నైట్రేట్ నైట్రైట్‌గా మారి రక్తంలో చేరుతుంది. అక్కడ హిమోగ్లోబిన్‌లోని ఇనుము రూపాన్ని మార్చేయడంతో రక్తం ఆక్సిజన్‌ను మోయలేదు. పెదవులు, గోళ్లు, చర్మం నీలం రంగుకు తిరుగుతాయి. దీన్నే నీలి శిశు వ్యాధి అంటారు. ఈ లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. డబ్బా పాలు కలపడానికి బోరు నీరు వాడే ఇళ్లలో ముందుగా నీటి పరీక్ష చేయించడం అవసరం.

నీటిని మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి కానీ నైట్రేట్ పోదు. నీరు ఆవిరై తగ్గే కొద్దీ దాని గాఢత పెరుగుతుంది. ఆర్.ఓ. పద్ధతిలో శుద్ధి చేస్తే తగ్గుతుంది.

పొలం నుంచి పొర్లిన నీటితో పోయే నత్రజని, భాస్వరం చెరువుల్లో పాచికి, గుర్రపుడెక్కకు ఎరువవుతాయి. పాచి చచ్చి కుళ్లినప్పుడు నీటిలోని ఆక్సిజన్ ఖర్చయి చేపలు చనిపోతాయి. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న కొల్లేరు సరస్సును 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రామ్సర్ జాబితాలో చేర్చారు. డెల్టా పొలాల మురుగు కాల్వలు, పట్టణాల మురుగు, పరిశ్రమల వ్యర్థాలు, చేపల చెరువుల నీరు చేరేది ఆ సరస్సులోకే. అక్కడి నీరు ఉప్పుటేరు గుండా బంగాళాఖాతంలో కలుస్తుంది. గట్టు తెగిన ఒక మడి నుంచి పోయే యూరియా నీరు తక్కువే కావచ్చు. వేల ఎకరాల నుంచి పోయేది తక్కువ కాదు.

భూమిని వేడెక్కించే నైట్రస్ ఆక్సైడ్

కార్బన్ డయాక్సైడ్, మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ వాయువులు భూమి నుంచి బయటకు పోవాల్సిన వేడిని పట్టి ఉంచుతాయి. వీటిలో నైట్రస్ ఆక్సైడ్ పరిమాణంలో తక్కువే అయినా, 100 ఏళ్ల లెక్కన కిలోకు కిలో పోల్చితే కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు ఎక్కువ వేడి చేస్తుంది. గాలిలో 100 ఏళ్లకు పైగా నిలిచి ఉంటుంది. పై వాతావరణంలోని ఓజోన్ పొరను కూడా దెబ్బతీస్తుంది. పరిశ్రమలు రాక ముందు గాలిలో 100 కోట్ల భాగాలకు సుమారు 270 భాగాలు ఉన్న ఈ వాయువు ఇప్పుడు 335 దాటింది. ఈ పెరుగుదలకు ముఖ్య కారణం నత్రజని ఎరువులు, పశువుల ఎరువు.

అంతర్జాతీయ లెక్కల పద్ధతి ప్రకారం మెట్ట పైర్లకు వేసిన నత్రజనిలో సుమారు 1 శాతం నైట్రస్ ఆక్సైడ్ రూపంలో పోతుంది. 100 కిలోల నత్రజని, అంటే సుమారు అయిదు బస్తాల యూరియా వేస్తే 1.57 కిలోల నైట్రస్ ఆక్సైడ్ వెలువడుతుంది. అది దాదాపు 430 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఇది కాక 45 కిలోల బస్తా కరిగినప్పుడు అందులోంచే 33 కిలోల కార్బన్ డయాక్సైడ్ విడుదలవుతుంది. సహజ వాయువు నుంచి యూరియా తయారు చేసేటప్పుడు వెలువడేది వేరే.

నీరు నిలిచిన వరి మడిలో మీథేన్

ఎప్పుడూ నీరు నిలిచి ఉండే మడిలో ఆక్సిజన్ అయిపోయాక మీథేన్ పుట్టించే సూక్ష్మజీవులు వృద్ధి చెందుతాయి. గడ్డి, కొయ్యకాళ్లు, వేర్లు కుళ్లినప్పుడు వచ్చే పదార్థాలే వాటి ఆహారం. బురదలో పుట్టిన మీథేన్‌లో అధిక భాగం వరి మొక్కలోని గాలి గొట్టాల గుండానే బయటకు వస్తుంది. మీథేన్ గాలిలో ఉండేది సుమారు 12 ఏళ్లే అయినా, 100 ఏళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే 27 రెట్లకు పైగా వేడి చేస్తుంది.

దేశం మొత్తం వెలువరించే భూతాప వాయువుల్లో వ్యవసాయం, పశుపోషణ వాటా 2020 లెక్కల ప్రకారం సుమారు 14 శాతం. దాదాపు మూడొంతులు ఇంధన రంగానిదే. భారమంతా రైతుదే అనడం సరి కాదు. అయితే నష్టాన్ని ముందుగా భరించేది రైతే. పూత సమయంలో ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే వరిలో పరాగ సంపర్కం దెబ్బతిని తాలు గింజలు పెరుగుతాయి. గాలి 1 డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. అందువల్ల కుండపోత వానలు పెరుగుతాయి. అలాంటి వాన ఒక్కటి చాలు, నిన్న చల్లిన యూరియాను కాల్వలోకి తోసేయడానికి.

వరిలో యూరియా ఎలా వేయాలి?

భూసార పరీక్ష ఆధారంగా మోతాదు నిర్ణయించుకోవాలి. డి.ఎ.పి., కాంప్లెక్స్ ఎరువుల్లో ఉన్న నత్రజనిని తప్పక లెక్కలోకి తీసుకోవాలి. ఉదాహరణకు మీ ప్రాంతంలో, మీ రకానికి ఎకరాకు 48 కిలోల నత్రజని సిఫారసు ఉందనుకుందాం.

- 50 కిలోల డి.ఎ.పి. బస్తా ద్వారా 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం అందుతాయి.
- మిగిలిన 39 కిలోల నత్రజనికి కావలసిన యూరియా సుమారు 85 కిలోలు. రెండు బస్తాలకు కాస్త తక్కువే.
- నత్రజనిని మూడు సమ భాగాలు చేస్తే ఒక్కో విడతకు 16 కిలోలు. ఆఖరి దమ్ములో డి.ఎ.పి.తో పాటు 15 కిలోల యూరియా, దుబ్బు కట్టే దశలో 35 కిలోలు, అంకురం ఏర్పడే దశలో 35 కిలోలు సరిపోతాయి.

వేసేటప్పుడు ఈ జాగ్రత్తలు పాటించాలి.

- మడిలోని నీటిని తీసివేసి బురద పదునులో మాత్రమే యూరియాను సమానంగా వెదజల్లాలి. 36 - 48 గంటల తర్వాత పలుచగా నీరు పెట్టాలి. ఈ వ్యవధిలో యూరియా బురదలోకి దిగి అమ్మోనియంగా మారి మట్టిని పట్టుకుంటుంది. పై నీటిలో లేనప్పుడు అది ఆవిరయ్యే అవకాశం బాగా తగ్గుతుంది.
- 50 కిలోల యూరియాకు 10 కిలోల వేపపిండి లేదా 250 కిలోల తేమ గల మట్టి కలిపి రెండు రోజులు నిల్వ ఉంచి వేస్తే నత్రజని వినియోగం పెరుగుతుంది. 35 కిలోల విడతకు 7 కిలోల వేపపిండి చాలు.
- మధ్యాహ్నపు ఎండలో వేయరాదు. మంచు పట్టిన ఆకులపై ఉదయాన్నే చల్లితే యూరియా అంటుకుని ఆకులు మాడతాయి. సాయంత్రం పూట మేలు.
- భారీ వర్ష సూచన ఉంటే యూరియా వేయడం వాయిదా వేయాలి. వేసిన తర్వాత గట్లకు గండ్లు లేకుండా చూడాలి.
- కాంప్లెక్స్ ఎరువులను దుబ్బు దశలో గానీ, అంకురం దశలో గానీ పైపాటుగా వేయరాదు.

పైరుకు యూరియా అవసరమా లేదా అని కంటితో అంచనా వేసే బదులు ఆకు రంగు పట్టికను వాడవచ్చు. నాటిన రెండు వారాల నుంచి పూత వరకు 7 - 10 రోజులకు ఒకసారి, ఉదయం 8 - 10 గంటల మధ్య, 10 దుబ్బుల్లో పూర్తిగా విచ్చుకున్న పై ఆకు రంగును పట్టికతో పోల్చాలి. ఎండ నేరుగా పడకుండా మన నీడలో చూడాలి. నాటిన వరిలో 10కి 6 లేదా అంతకు మించి ఆకులు 4వ నంబరు రంగు కంటే లేతగా ఉంటేనే నత్రజని వేయాలి. లేకపోతే ఆగవచ్చు.

మడిని తడుపుతూ ఆరబెట్టే పద్ధతి

బోరు కింద వరి వేసే రైతులకు, కాల్వ నీటిపై అదుపు ఉన్నవారికి ఈ పద్ధతి అనుకూలం.

- 30 సెం.మీ. పొడవు, 10 - 15 సెం.మీ. వెడల్పు ఉన్న ప్లాస్టిక్ గొట్టం తీసుకుని కింది 20 సెం.మీ. మేర రంధ్రాలు చేయాలి. ఆ భాగం నేలలో, 10 సెం.మీ. పైన ఉండేలా పాతి, లోపలి మట్టి తీసేయాలి.
- నాటిన రెండు వారాల తర్వాత మొదలుపెట్టాలి. గొట్టంలో నీటి మట్టం నేల ఉపరితలం కంటే 15 సెం.మీ. కిందికి దిగినప్పుడు మళ్లీ 5 సెం.మీ. నీరు పెట్టాలి.
- పూతకు వారం ముందు నుంచి పూత అయిన వారం వరకు ఆరబెట్టకూడదు. 5 సెం.మీ. నీరు ఉంచాలి.
- నేల నెర్రెలిచ్చే వరకు వదలరాదు. ఉప్పు, చౌడు నేలల్లో ఈ పద్ధతి పాటించరాదు.

నేలలోకి మధ్యమధ్య గాలి వెళ్లడం వల్ల మీథేన్ 30 నుంచి 50 శాతం వరకు, సాగునీరు 30 శాతం వరకు తగ్గే అవకాశం ఉంది. అయితే ఒక జాగ్రత్త అవసరం. ఆరిన నేలలో అమ్మోనియం నైట్రేట్‌గా మారుతుంది, మళ్లీ నీరు పెట్టగానే అది నైట్రస్ ఆక్సైడ్‌గా పోవచ్చు. అందుకే ఆరబెట్టే వ్యవధికి, యూరియా విడతకు పొత్తు కుదరాలి. నీరు పెట్టాల్సిన సమయం దగ్గరపడి నేల బురద పదునులో ఉన్నప్పుడు యూరియా వేసి, పైన చెప్పినట్లు పలుచగా నీరు పెట్టాలి. ఆ వెంటనే మళ్లీ ఆరగట్టకుండా పైరు దాన్ని తీసుకునేందుకు కొన్ని రోజులు గడువివ్వాలి.

మెట్ట పైర్లలో

- మొక్కజొన్న, పత్తి, మిరపలో యూరియాను పైన చల్లి వదిలేయరాదు. మొక్కకు 5 - 7 సెం.మీ. దూరంలో, అంతే లోతులో వేసి మట్టితో కప్పాలి. పైన మట్టి పొర ఉంటే అమ్మోనియా బయటపడదు.
- తేలిక నేలల్లో అదే మోతాదును ఎక్కువ విడతలుగా వేయాలి. వేసిన తర్వాత తేలికపాటి తడి చాలు. పెద్ద తడి ఇస్తే నైట్రేట్ వేర్లకు అందకుండా దిగిపోతుంది.
- డ్రిప్ ఉన్నవారు యూరియాను నీటితో పాటు తక్కువ మోతాదుల్లో తరచుగా ఇవ్వాలి.
- నీరు నిలిచే చేలల్లో మురుగు తీసిన తర్వాతే ఎరువు వేయాలి.

గడ్డి, పచ్చిరొట్ట

టన్ను వరి గడ్డిలో 5 కిలోలకు పైగా నత్రజని ఉంటుంది. కాల్చితే అది దాదాపు అంతా పొగలో పోతుంది. గాలి కూడా పాడవుతుంది. వరి కోసిన తర్వాత ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి కొయ్యకాళ్లను కలియదున్నితే త్వరగా చివుకుతాయి. నాట్లకు వీలైనంత ముందే, నేల ఆరి ఉండగానే దున్నడం మంచిది. పచ్చి గడ్డిని దమ్ములో తొక్కి వెంటనే నీరు నిలిపితే మీథేన్ బాగా పెరుగుతుంది.

జీలుగ, జనుము, పిల్లిపెసర వంటి పచ్చిరొట్ట పైర్లను పూత దశలో కలియదున్నితే వరికి వేసే నత్రజనిలో సుమారు నాలుగో వంతు ఆదా అవుతుంది. ఆ మేరకు యూరియా తగ్గించాలి. తగ్గించకుండా రెండూ వేస్తే ప్రయోజనం లేదు.

రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

*వేప పూత యూరియా వాడుతున్నాం కదా, ఇన్ని జాగ్రత్తలు ఎందుకు?*
2015 నుంచి దేశంలో యూరియాకు వేప పూత తప్పనిసరి చేశారు. ఈ పూత అమ్మోనియం నైట్రేట్‌గా మారడాన్ని నెమ్మదింపజేస్తుంది. కానీ నిలువ నీటిలో చల్లినప్పుడు అమ్మోనియా ఆవిరి కావడాన్ని ఆపలేదు. పూత మందు రెండో దశకు, నష్టం మొదటి దశలో. అందుకే వేసే పద్ధతి కూడా మారాలి.

*యూరియా వేసిన రాత్రే పెద్ద వాన పడింది. మళ్లీ వేయాలా?*
వెంటనే వేయవద్దు. గట్టు తెగి నీరు పొర్లిందా లేదా చూడాలి. 7 - 10 రోజులు ఆగి ఆకు రంగు పట్టికతో చూసి, లేతగా ఉంటేనే వేయాలి.

*మా బోరు నీటిలో నైట్రేట్ ఎక్కువగా ఉంది. పైరుకు పెట్టవచ్చా?*
పెట్టవచ్చు. పైగా అది ఎరువుతో సమానం. లీటరుకు 45 మి.గ్రా. నైట్రేట్ ఉన్న నీటిని ఎకరాకు 5 సెం.మీ. మేర ఒక తడి ఇస్తే సుమారు 2 కిలోల నత్రజని చేరుతుంది. పది తడుల్లో 20 కిలోలు, అంటే దాదాపు ఒక యూరియా బస్తా. అంతా పైరుకు అందకపోయినా, ఎరువు మోతాదు నిర్ణయించేటప్పుడు వ్యవసాయాధికారికి ఈ నీటి పరీక్ష ఫలితం చూపించాలి. ఆ నీటిని శిశువులకు మాత్రం తాగించరాదు.

*యూరియా కలిసిన నీరు పశువులు తాగితే ఏమవుతుంది?*
పొట్టలో యూరియా చాలా వేగంగా అమ్మోనియాగా మారి రక్తంలో చేరుతుంది. చొంగ కార్చడం, పొట్ట ఉబ్బరం, వణుకు కనిపిస్తాయి. తక్కువ సమయంలోనే పశువు చనిపోవచ్చు. వెంటనే పశువైద్యుడిని పిలవాలి. యూరియా బస్తాలు, కలిపిన డ్రమ్ములు, ఖాళీ సంచులు కడిగిన నీరు పశువులకు అందకుండా చూడాలి.

గుర్తుంచుకోవాల్సినవి

- డి.ఎ.పి., కాంప్లెక్స్, పచ్చిరొట్ట, బోరు నీటిలోని నత్రజనిని లెక్కవేశాకే యూరియా కొనాలి.
- వరిలో నిలువ నీటిలో వద్దు, బురద పదునులో వేయాలి. మెట్టలో పైన వద్దు, మట్టి కప్పాలి.
- ఒకేసారి ఎక్కువగా కాకుండా పైరుకు కావలసిన దశలో విడతలుగా వేయాలి.
- వాన ముందు వేయరాదు. వేశాక మడి నీటిని బయటకు వదలరాదు.
- తాగునీటి బావికి, బోరుకు దగ్గరలో పెంటకుప్పలు, మరుగుదొడ్డి గుంతలు లేకుండా చూడాలి. తాగే బోరు నీటికి నైట్రేట్ పరీక్ష చేయించాలి.

మీ పంట, నేలకు తగిన మోతాదు కోసం భూసార పరీక్ష ఫలితంతో దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలను లేదా మండల వ్యవసాయాధికారిని సంప్రదించాలి. కిసాన్ కాల్ సెంటర్ టోల్ ఫ్రీ నంబరు 1800-180-1551కు ఫోన్ చేసి తెలుగులో సలహా పొందవచ్చు.